పల్లెటూరి పబ్బు: మీరడిగారు, మేం చెప్తున్నాం

పోయిన నెల ఇంగ్లాండు పల్లెటూళ్ళ గురించి రాస్తూ అక్కడ చర్చి, పబ్బు చాలాచోట్ల ఎదురెదురుగానే ఉంటాయని ఊరికే ఒక మాట అన్నా. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు అన్నీ పబ్బు మీదే, చర్చి గురించి ఒక్కరంటే ఒక్కరు అడిగితే ఒట్టు. బెంగళూరు తెలుగువాళ్ళం కదా మరి. సరే, ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్ర: మా అబ్బాయి డెర్బీషైర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, ఏదో పల్లెటూళ్ళో ఇల్లు తీసుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తే "పబ్బులో ఉన్నానమ్మా, తర్వాత చేస్తా" అంటాడు. వెనకాల పసిపిల్లల ఏడుపు, కుక్క అరుపు కూడా వినపడతాయి. మా వీధి చివర పబ్బు నుంచి శనివారం రాత్రి వచ్చే మోత తప్ప నాకు పబ్బంటే ఏమీ తెలీదు. పిల్లలు, కుక్కలు ఉండే పబ్బేంటండీ?
(ఒక అమ్మ, వైట్‌ఫీల్డ్)

జ: అమ్మా, ముందు మీరు స్థిమితపడండి, మీవాడు భోజనానికి వెళ్ళాడు అంతే. ఆదివారం మధ్యాహ్నం అక్కడి పల్లెటూరి పబ్బుల్లో రోస్ట్ అని పెడతారు, ఓవెన్లో కాల్చిన మాంసం, బంగాళాదుంపలు, యార్క్‌షైర్ పుడ్డింగ్ అని తియ్యగా లేని ఒక ఉబ్బిన రొట్టె, అన్నిటి మీదా గ్రేవీ. తాతల దగ్గర్నుంచి మనవల దాకా వస్తారు, కుక్క టేబుల్ కింద పడుకుంటుంది.

మీ వీధి చివరది వేరే జాతి. బెంగళూరు పబ్బు 1980ల్లో చర్చ్ స్ట్రీట్, బ్రిగేడ్ రోడ్ వైపు పుట్టింది, డ్రాఫ్ట్ బీరు మగ్గుల్లో పోసి పెద్ద సౌండుతో రాక్ పాటలు పెట్టి కాలేజీ కుర్రాళ్ళ కోసం, ఆఫీసు కుర్రాళ్ళ కోసం నడిపిన వ్యాపారం అది. ఇంగ్లాండు పల్లెటూరి పబ్బు మాత్రం ఒక ఇంట్లోంచి పుట్టింది, ఇప్పటికీ చాలాచోట్ల పైన యజమాని కాపురం, కింద పబ్బు.

అయితే పిల్లల్ని ఎప్పుడూ ఇలా రానిచ్చేవాళ్ళని అనుకోకండి. 1908లో వచ్చిన చట్టం 14 ఏళ్ళ లోపు పిల్లల్ని బారు గదిలోకి రానివ్వద్దంది. 1960ల్లో పెరిగిన ఇంగ్లీషువాళ్ళని ఎవర్నైనా కదిపి చూడండి, నాన్న లోపల, మేం బయట కార్లో నిమ్మ డ్రింకు తాగుతూ చిప్స్ ప్యాకెట్ నములుతూ కూర్చునేవాళ్ళం అని మొదలెడతారు. ఇప్పుడు 2003 నాటి చట్టం ప్రకారం ముఖ్యంగా మందు అమ్మే చోటికి 16 లోపు వాళ్ళు పెద్దవాళ్ళ తోడుతో రావాలి, కొనడానికి మాత్రం 18 నిండాలి. మధ్యలో ఒక వింత వెసులుబాటు ఉంది, 16, 17 ఏళ్ళ వాళ్ళు భోజనంతో పాటు పెద్దవాళ్ళు కొనిపెడితే బీరో వైనో తాగొచ్చు. మీ వాడికి ఆ వయసు ఎప్పుడో దాటింది కాబట్టి వదిలేద్దాం.

ప్ర: ఇంట్లోంచి పుట్టింది అన్నారట కదా, మా ఎడిటర్ గారు చెప్పారు (నేను ఈ పత్రిక ప్రూఫులు చూసేవాణ్ణి). ఎలా పుట్టింది, వివరంగా చెప్పండి, పేజీలు నేను చూసుకుంటా.
(బాణస్‌వాడి)

జ: పేజీలు మీరిస్తానంటే ఇక నాకేం.

మధ్యయుగాల్లో ఇంగ్లాండు పల్లెల్లో ఏల్ కాయడం ఆడవాళ్ళ పని, వంటతో పాటు అదీ. బార్లీని నానబెట్టి మొలకెత్తించి ఎండబెట్టి మాల్టు చేసి, దాన్ని వేణ్ణీళ్ళలో వేసి తీసిన రసాన్ని పులియబెడితే ఏల్. అప్పటికి హాప్స్ (బీరు చెడిపోకుండా కాపాడే చేదు పువ్వులు) వెయ్యడం లేదు కాబట్టి నాలుగు రోజులు పోతే పులిసి చెడిపోయేది, అంత పెద్ద బాన ఒక్క ఇంటివాళ్ళు తాగి అవగొట్టలేరు, అందుకని మిగిలింది ఇరుగుపొరుగుకి అమ్మేవాళ్ళు. ఏల్ తయారైందని ఊరికి తెలియడానికి గుమ్మం మీద ఒక కర్ర కట్టి దాని చివర ఆకుల మండ వేలాడదీసేవాళ్ళు. అది కనపడితే లోపలికి రావచ్చు, వంటింటి బెంచీ మీద కూర్చుని తాగొచ్చు. ఈ వారం ఈవిడ ఇల్లు, వచ్చే వారం ఇంకో ఆవిడ ఇల్లు, అంటే పబ్బు ఊళ్ళో తిరుగుతూ ఉండేదన్న మాట. నీళ్ళు మంచివి కాకపోవడం వల్ల జనం అంతా బీరే తాగి బతికారని ఒక కథ తిరుగుతుంటుంది, అది నమ్మకండి, బావి నీళ్ళూ తాగారు, ఏల్‌లో కాస్త బలం ఉంటుంది కాబట్టి అదీ తాగారు.

ఇంట్లో అమ్మకం మొదలయ్యాక సర్కారు ఊరుకుంటుందా. 1266 ప్రాంతంలో రొట్టెకీ ఏల్‌కీ కలిపి ఒక శాసనం వచ్చింది, ధాన్యం ధరని బట్టి ఏల్ ధర కట్టాలి, కొలత తగ్గితే జరిమానా. దాన్ని చూడ్డానికి ప్రతి ఊళ్ళో రుచి చూసే ఉద్యోగి ఒకడు, మండ కనపడగానే వచ్చి తాగి చూసి సర్టిఫై చేస్తాడు (ఇలాంటి పోస్టు ఇప్పుడు నోటిఫికేషన్ వేస్తే మారతహళ్లి సగం ఖాళీ అవుతుంది). షేక్స్‌పియర్ వాళ్ళ నాన్న జాన్ 1550ల్లో స్ట్రాట్‌ఫర్డ్‌లో ఈ పని చేశాడు. ఆ ఉద్యోగి తోలు లాగు వేసుకుని బెంచీ మీద ఏల్ ఒలకబోసి దాని మీద కూర్చుని అంటుకుందో లేదో చూసి నాణ్యత చెప్పేవాడని ఒక కథ గైడ్లు చెప్తారు, కట్టుకథే.

1348, 49 ప్లేగులో జనం సగానికి సగం పోయారు, మిగిలినవాళ్ళకి కూలి రేట్లు పెరిగాయి, చేతిలో డబ్బులాడాయి, తాగుడూ పెరిగింది. అప్పట్నుంచి మండ ఒకే ఇంటి మీద నిలబడిపోవడం మొదలైంది, అదే ఏల్‌హౌస్. తర్వాత హాలండు వైపు నుంచి హాప్స్ వచ్చాయి, అది వేస్తే బీరు నెలల తరబడి ఆగుతుంది, దూరం పంపొచ్చు, పెద్ద ఎత్తున కాయొచ్చు, కానీ దానికి పెట్టుబడి కావాలి. పెట్టుబడి, అప్పు, లైసెన్సు అనేవి ఆ రోజుల్లో మగవాళ్ళకి దొరికినట్టు ఆడవాళ్ళకి దొరకవు. వంటింట్లో ఆడవాళ్ళ చేతిలో ఉన్న పని మెల్లగా బ్రూవరీల చేతికి పోయింది, వాళ్ళకి మిగిలింది కాచినదాన్ని అమ్మి పెట్టడం. నన్నడిగితే పబ్బు చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే, దీన్ని రాజుల కథల కింద కప్పేస్తారు.

1552లో ఏల్‌హౌస్ పెట్టాలంటే ఇద్దరు జస్టిస్ ఆఫ్ పీస్‌ల (స్థానిక మేజిస్ట్రేట్ల) దగ్గర లైసెన్సు తీసుకోవాలని చట్టం వచ్చింది. 1577లో ప్రభుత్వం పన్ను వెయ్యడానికి లెక్క తీయిస్తే, లెక్క అందిన జిల్లాల్లోనే ఏల్‌హౌసులు 14 వేల పైన తేలాయి, ఇన్నులు 1,600 చిల్లర, టావెర్నులు 300 పైచిలుకు. ఇన్ను అంటే ప్రయాణికులకి మంచం, గుర్రానికి గడ్డి ఇచ్చే సత్రం, టావెర్న్ అంటే పట్నంలో వైను అమ్మే డబ్బున్నవాళ్ళ చోటు. ఇప్పటి పల్లెటూరి పబ్బుకి ముత్తాత ఈ రెండూ కాదు, ఏల్‌హౌసే.

ఇక 1830. జిన్ను (సారా లాంటి ఘాటు మందు) తాగి జనం పాడైపోతున్నారు, బీరైతే పర్లేదు అని డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ ప్రభుత్వం బీర్‌హౌస్ చట్టం తెచ్చింది. పన్ను కట్టే ఇంటివాడెవడైనా ఏడాదికి రెండు గినీలు (అప్పటి ఇంగ్లీషు డబ్బు లెక్క) కడితే చాలు, మేజిస్ట్రేటు దయ అక్కర్లేదు, సొంతింట్లో బీరు అమ్ముకోవచ్చు. ఎనిమిదేళ్ళలో 46 వేల దాకా లేచాయి! వడ్రంగి, కమ్మరి, మొగుడు పోయిన ఆవిడ, అందరూ ముందు గదిలో రెండు బెంచీలు వేసి పీపా పెట్టేశారు. అదే ఏడాది దక్షిణాన కూలీలు నూర్పిడి యంత్రాలు విరగ్గొట్టి తిరగబడితే భూస్వాములు ఈ బీరు కొట్లలోనే కుట్ర చేశారని గోల పెట్టారు, 1834లో రూల్సు బిగించారు, 1869లో మళ్ళీ మేజిస్ట్రేట్ల కిందకి తెచ్చారు. ఈ రోజు మనకి చాలా ప్రాచీనంగా కనపడే పల్లెటూరి పబ్బుల్లో బోలెడన్ని నిజానికి ఈ 1830 ఊపులో తెరిచినవే.

ఆ ఇల్లు రూపం ఎలా ఉండేదో తెలియాలంటే హెరెఫర్డ్‌షైర్‌లో లైంట్‌వర్డైన్ అనే ఊళ్ళో సన్ ఇన్ గురించి వినాలి. అక్కడ బారు కౌంటరే లేదు. ఇటుకల నేల మీద బెంచీలున్న హాలు, యజమానురాలు పెద్దావిడ అక్కడే కూర్చుని ఉంటుంది, కావలసినవాళ్ళు లోపలికెళ్ళి పీపాలోంచి పట్టుకుని డబ్బులు అక్కడ పెట్టేస్తారు. 2009 దాకా అలాగే నడిచింది. కౌంటర్ అనేదే అసలు 1820, 30ల్లో పట్నం జిన్ను షాపుల నుంచి వచ్చిన సరుకు.

ప్ర: మాది చిత్తూరు జిల్లా, మా తాత కల్లు గీసేవాడు. కల్లు పాకకీ ఈ పబ్బుకీ తేడా ఏంటి? దొరలు తాగితే చరిత్ర, మనం తాగితే అలవాటా?
(కె.ఆర్.పురం)

జ: బాగా అడిగారు. మొదట్లో పెద్ద తేడా లేదండి. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిసిపోతుంది కాబట్టి చెట్టు దగ్గరే పాక, పాకలోనే అమ్మకం, హాప్స్ లేని ఏల్‌దీ సరిగ్గా అదే బాధ. తేడా ఎక్కడొచ్చిందంటే సర్కారు దగ్గర. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇంగ్లీషువాళ్ళు అబ్కారీ పెట్టి కల్లు, సారా అమ్మే హక్కుని వేలం వేశారు, ఎక్కువ పాడినవాడిది కొట్టు, వాడు పాడిన డబ్బు రాబట్టుకోవాలంటే ఎక్కువ తాగించాలి. వాళ్ళ సొంత ఊళ్ళో మాత్రం లైసెన్సు మేజిస్ట్రేటు చేతిలో పెట్టారు, వేలం లేదు, మనిషి నడవడి చూసి ఇస్తారు, గొడవలైతే మరుసటి ఏడాది పీకేస్తారు. దాంతో అక్కడ అమ్మేవాడికి పరువు కాపాడుకోవాల్సిన అవసరం వచ్చింది, మన దగ్గర పాట డబ్బు కట్టాల్సిన అవసరం వచ్చింది. మీ తాతగారి తప్పేం లేదు ఇందులో.

ప్ర: అక్కడ పబ్బుల పేర్లు తెల్ల దుప్పి, ఎర్ర సింహం, రాజు గారి చెట్టు... ఎవరు పెడతారండీ ఇవి?
(జయనగర్)

జ: చదువు రాని జనానికి బొమ్మ కావాలి, అది మొదటి కారణం. 1393లో రెండో రిచర్డ్ రాజు ఏల్ అమ్మేవాళ్ళు బయట గుర్తు పెట్టి తీరాలన్నాడు, రుచి చూసే ఉద్యోగికి ఇల్లు తెలియాలి కదా. వైట్ హార్ట్, అంటే తెల్ల మగ దుప్పి, ఆ రాజుదే చిహ్నం, ఆ పేరు ఇప్పటికీ ఊరూరా ఉంది. రాయల్ ఓక్ కథ ఇంకా బాగుంటుంది, 1651లో వూస్టర్ యుద్ధంలో ఓడిపోయిన రెండో ఛార్లెస్ బాస్కోబెల్ అనే చోట ఓక్ చెట్టెక్కి దాక్కున్నాడు, కింద సైనికులు వెతుకుతున్నారు, తొమ్మిదేళ్ళకి తిరిగొచ్చి రాజయ్యాక ఆ చెట్టు పేరు పబ్బులకెక్కింది. ఫలానా వారి ఆర్మ్స్ అని ఉంటే ఆ ఊరి భూమి ఒకప్పుడు ఆ ఇంటిపేరు వాళ్ళదని అర్థం, జమీందారు బోర్డు అనుకోండి.

ప్ర: పోయినేడు ఆఫీసు పని మీద నాటింగ్‌హామ్ వెళ్ళాం. కోట కింద కొండలో తొలిచిన పబ్బు ఒకటి చూశాం, గోడ మీద క్రీ.శ. 1189 అని రాసి ఉంది. నిజమేనా? మా టీం లీడు ఫోటో పెట్టి ఎనిమిది వందల ఏళ్ళ పబ్బులో తాగానని ఇప్పటికీ చెప్తున్నాడు.
(కోరమంగళ)

జ: మీ టీం లీడుకి ఇది చూపించకండి. అది యీ ఓల్డ్ ట్రిప్ టు జెరూసలెం. ఇప్పుడున్న కట్టడం 17వ శతాబ్దానిది, వెనకాల గుహలు పాతవే, అక్కడ కోట కోసం ఏల్ కాచి ఉండొచ్చు, కానీ 1189లో పబ్బు ఉందని చూపించే కాయితం లేదు. సెయింట్ ఆల్బన్స్‌లో యీ ఓల్డ్ ఫైటింగ్ కాక్స్ వాళ్ళు 793 అంటారు, స్టో ఆన్ ది వోల్డ్‌లో పోర్చ్ హౌస్ వాళ్ళు 947 అంటారు. మన ఊళ్ళల్లో ప్రతి గుడీ జనమేజయుడు కట్టించిందే అయినట్టు అక్కడ ప్రతి పబ్బూ దేశంలో అతి పాతదే. గిన్నిస్ రికార్డు వాళ్ళు కూడా విసుగెత్తి 2000లో ఆ విభాగమే తీసేశారు.

నిజంగా పాతవి లేవా అంటే ఉన్నాయి. సోమర్సెట్‌లో నార్టన్ సెయింట్ ఫిలిప్ అనే ఊళ్ళో జార్జ్ ఇన్ 14వ శతాబ్దంలో మఠం వాళ్ళు కట్టించింది. నాటింగ్‌హామ్‌లోనే బెల్ ఇన్ అని ఉంది, దాని దూలాల కలప వలయాలు లెక్కపెడితే 1420 చుట్టూ తేలింది. గోడ మీద రంగుతో రాసిన ఏడు కన్నా దూలం చెప్పిన ఏడుని నమ్మండి.

ప్ర: బెంగళూరులో కొన్నేళ్ళ కిందటిదాకా 11 అయ్యేసరికి పోలీసొచ్చి లైట్లు ఆర్పించేవాళ్ళు. ఇంగ్లాండులో కూడా 11కి గంట కొడతారని విన్నా. మనవాళ్ళు అక్కణ్ణుంచి నేర్చుకున్నారా?
(ఇందిరానగర్)

జ: మనకెక్కణ్ణుంచి వచ్చిందో ఎక్సైజు వాళ్ళనే అడగాలి గానీ, వాళ్ళ గంట వెనకాల ఉన్నది మొదటి ప్రపంచ యుద్ధం. అంతకుముందు పబ్బులు పొద్దున్నే తెరిచి అర్ధరాత్రి దాకా నడిపేవాళ్ళు. 1914లో యుద్ధం రాగానే మందుగుండు కర్మాగారాల్లో కూలీలు తాగి పనికి రావట్లేదని అప్పటి ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ పట్టుకున్నాడు, 1915లో ఒక బోర్డు వేసి మధ్యాహ్నం మూసెయ్యాలి, రాత్రి త్వరగా మూసెయ్యాలి అన్నారు. ఒకడు ఇంకొకడికి కొనిపెట్టడం కూడా కొన్నాళ్ళు నేరం! బాబాయ్‌కి ఒక గ్లాసు ఇప్పిస్తే జరిమానా. అక్కడితో ఆగకుండా 1916లో కార్లైల్ చుట్టుపక్కల పబ్బుల్ని, బ్రూవరీల్ని ప్రభుత్వమే కొనేసి నడిపింది. యుద్ధం 1918లో అయిపోయింది, కార్లైల్ పబ్బులు 1973 దాకా సర్కారువే. మధ్యాహ్నం మూసే రూలు 1988 దాకా ఉంది. రాత్రి 11 గంటల కట్టు 2005 నవంబరులో గానీ సడలలేదు. యుద్ధం కోసం తాత్కాలికం అని పెట్టినది డెబ్బై ఏళ్ళ పైన నడిచిందంటే ప్రభుత్వాలు ఎక్కడైనా ఒకటేనని తెలుస్తోంది.

గంట మాత్రం ఇంకా కొడతారు. మొదటిసారి కొడితే ఆఖరి ఆర్డర్లు, రెండోసారి కొడితే ఇక పొయ్యరు, గ్లాసులో ఉన్నది తాగడానికి కాసేపు టైమిస్తారు. నేనున్న యార్క్‌షైర్ పల్లెలో యజమాని గంట కొట్టి, బల్లలు తుడుస్తూ, మాట్లాడకుండా ఒక్కో కుర్చీ తిరగేసి బల్ల మీద పెట్టుకుంటూ వచ్చేవాడు, మన బల్ల దాకా వచ్చేలోపు లేస్తే మర్యాద.

ప్ర: అక్కడ బీరు వెచ్చగా ఇస్తారంట, నిజమా? ఎలా తాగుతారండీ బాబూ?
(హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్)

జ: వెచ్చగా కాదు, ఐసుగా ఉండదు అంతే. 11 నుంచి 13 డిగ్రీలు, నేలమాళిగ చల్లదనం. పీపాలో బీరు ఇంకా పులుస్తూనే ఉంటుంది, లోపల ఈస్టు బతికే ఉంటుంది. యజమాని దాన్ని పక్కకి పడుకోబెట్టి, పైన చిన్న చెక్క మేకు దిగ్గొట్టి గ్యాసు కొంచెం కొంచెం పోనిచ్చి, మడ్డి అడుక్కి దిగేదాకా ఆగి, అప్పుడు కుళాయి బిగిస్తాడు. తెరిచాక మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి, లేకపోతే వెనిగరే. పైన కౌంటర్ మీద పొడుగు పిడి ఉంటుంది, దాన్ని నిదానంగా లాగితే కింద నుంచి చేతి పంపు బీరుని పైకి తోడుతుంది, గ్యాసు తోసెయ్యడం ఉండదు. ఒక పైంటు నిండడానికి రెండు మూడు లాగుళ్ళు పడతాయి, పైంటు అంటే 568 మిల్లీలీటర్లు.

1960ల్లో పెద్ద బ్రూవరీలు ఈ తలనొప్పంతా ఎందుకని బీరుని వడగట్టి వేడిచేసి గ్యాసు ఎక్కించి ఇనప డబ్బాల్లో పంపడం మొదలెట్టాయి. 1971లో నలుగురు కుర్రాళ్ళు ఐర్లండు యాత్రలో కూర్చుని దీని మీద పోట్లాడాలని ఒక సంఘం పెట్టారు, అదే కామ్రా, పాత పద్ధతి బీరు ఇవాళ దొరుకుతోందంటే సగం వాళ్ళ పుణ్యమే. మన కింగ్‌ఫిషర్ ప్రేమికులు ఒకసారి తాగి "ఇదేంటి చప్పగా" అని మొహం పెడతారు, రెండోసారికి అలవాటవుతుంది, కానీ ఐసు ముక్క మాత్రం అడగొద్దు, చూపులతోనే చంపేస్తారు.

ప్ర: ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) అంటే ఇండియా కోసం కనిపెట్టిన బీరంట కదా?
(సర్జాపూర్ రోడ్)

జ: కనిపెట్టలేదు. పేల్ ఏల్ అప్పటికే ఉంది. లండన్లో బో అనే చోట హాడ్జ్‌సన్ బ్రూవరీ ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే రేవుకి దగ్గర, కెప్టెన్లకి ఏడాదిన్నర అప్పిచ్చేవాడు, అందుకే వాడి బీరు మద్రాసుకీ కలకత్తాకీ ఎక్కువ వచ్చింది. 1820ల్లో బర్టన్ ఊరి ఆల్‌సాప్ పోటీకి దిగి గెలిచాడు. పేరు తర్వాత అతికించారు.

ప్ర: అక్కడ పబ్బులు మూతపడుతున్నాయని బీబీసీలో చూశా. ఇంత చరిత్ర ఉండి ఎందుకు మూతపడుతున్నాయి? యజమానులు అమ్మేసుకుంటున్నారా?
(ఎలక్ట్రానిక్ సిటీ)

జ: యజమాని అని మనం అనుకునేవాడు చాలాచోట్ల యజమాని కాడు, అద్దెకున్నవాడు. లైసెన్సులు దొరకడం కష్టమైన కొద్దీ 19వ శతాబ్దం చివర్లో బ్రూవరీలు పబ్బుల్ని కొనెయ్యడం మొదలెట్టాయి, మా బిల్డింగు మీకిస్తాం, మా బీరే అమ్మాలి, మేం చెప్పిన రేటుకే కొనాలి అని షరతు. 1989లో ప్రభుత్వం ఇది గుత్తాధిపత్యం అని చెప్పి 2,000కి మించి పబ్బులున్న బ్రూవరీలు మిగతావాటిలో సగాన్ని ఈ కట్టు నుంచి వదలాలంది. బ్రూవరీలు అమ్మేశాయి, కొన్నది ఎవరు, పబ్బు కంపెనీలు, బీరు కాయవు, భవనాలు పట్టుకుని అద్దె వసూలు చేస్తాయి, షరతు మాత్రం అదే. పులి నోట్లోంచి తీసి మొసలి నోట్లో పెట్టినట్టైంది. 2016లో కౌలుదారులకి కాస్త రక్షణగా ఒక కోడ్ వచ్చింది.

పల్లెటూళ్ళకి ఇంకో దెబ్బ 1967లోనే తగిలింది, తాగి బండి నడిపితే ఊపిరి పరీక్ష. పట్నంలో నడిచి ఇంటికెళ్తాడు, పల్లెలో పక్క ఊరి నుంచి కారేసుకుని వచ్చేవాడు ఆగిపోయాడు. మంచిదే కదా, ప్రాణాలు నిలిచాయి, కానీ అప్పట్నుంచే పల్లెటూరి పబ్బు భోజన హోటలుగా మారక తప్పలేదు. తర్వాత సూపర్ మార్కెట్లో చవక బీరు, 2007 జూలైలో పొగ నిషేధం, 2020 మార్చిలో కోవిడ్ తాళం, కరెంటు బిల్లులు. 2000లో బ్రిటన్ మొత్తం మీద 60 వేల పైన ఉండేవి, ఇప్పుడు 45 వేల చుట్టూ.

దీని మీద జనానికి ఎంత కడుపుమంట ఉందో 2023 ఆగస్టులో తెలిసింది. స్టాఫర్డ్‌షైర్‌లో హిమ్లీ దగ్గర క్రూకెడ్ హౌస్ అని ఒక పబ్బు, 1765లో రైతు ఇల్లుగా కట్టింది, కింద బొగ్గు గనులు తవ్వేసరికి ఒక పక్కకి కుంగిపోయింది, లోపల బల్ల మీద గోళీ పెడితే ఎత్తుకి ఎక్కుతున్నట్టు కనపడేది, అది చూడ్డానికే జనం వచ్చేవాళ్ళు. అమ్మిన కొద్ది రోజులకే ఒక రాత్రి తగలబడింది, రెండు రోజులు తిరక్కుండా బుల్‌డోజర్ పెట్టి నేలమట్టం చేశారు. జనం వచ్చి ఇటుకలు కాపలా కాశారు, స్థానిక కౌన్సిల్ 2024 ఫిబ్రవరిలో మళ్ళీ ఎలా ఉండేదో అలాగే, అంటే వంకరగానే, కట్టాలని ఆర్డరేసింది.

దీనికి ఎదురు కథ కంబ్రియాలో హెస్కెట్ న్యూమార్కెట్ అనే చిన్న ఊళ్ళో ఉంది. 2003లో అక్కడ ఓల్డ్ క్రౌన్ పబ్బుని ఊరివాళ్ళు, అభిమానులు కలిసి వాటాలేసుకుని సహకార సంఘంగా కొనేసుకున్నారు, బ్రిటన్లో అలా నడిచిన మొదటి పబ్బు అదే. తర్వాత 2011 చట్టం ఊరి ఆస్తిగా పేరు నమోదు చేయించుకుంటే అమ్మకానికొచ్చినప్పుడు ఊరివాళ్ళకి డబ్బు పోగు చేసుకోడానికి ఆరు నెలలు గడువిచ్చింది. ఇలా కొన్నచోట పొద్దున పోస్టాఫీసు, మధ్యాహ్నం కిరాణా, సాయంత్రం పబ్బు, అన్నీ ఒకే గదిలో పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. చరిత్రలో చూస్తే పబ్బు చేసిన పనే అది. మనిషి అనుమానంగా చనిపోతే పంచనామా విచారణ పబ్బులోనే జరిగేది, 1902 చట్టం వచ్చి వేరే చోటుంటే అక్కడ పెట్టుకోమంది. కూలి డబ్బులు పబ్బులోనే పంచి అక్కడే తాగించేవాళ్ళు, 1883లో అది ఆపించారు. పొలం కూలీలకి కూలి కింద బీరు ఇవ్వడం 1887లో ఆపించారు.

ప్ర: తెలుగు పత్రికలో తాగుడు గురించి ఇన్ని పేజీలా? మా అమ్మ దూబగుంట పక్క ఊరు, 1992లో సారా మీద పోరాడినవాళ్ళలో ఉంది. సిగ్గుగా లేదా?
(బి.టి.ఎం. లేఅవుట్)

జ: అమ్మగారికి నమస్కారం చెప్పండి. మీ కోపం న్యాయమే, కూలి డబ్బులు పబ్బులో పంచారని పైన రాసింది అందుకే, ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు శనివారం రాత్రి గుమ్మంలో ఎదురుచూస్తూ నిలబడ్డారు. ఇంగ్లాండులోనూ ఉద్యమం వచ్చింది, 1832లో ప్రెస్టన్‌లో జోసెఫ్ లివ్సీ ఇంకొంతమంది పనివాళ్ళు ఇక ఏ మందూ ముట్టమని సంతకాలు పెట్టారు, అక్కణ్ణుంచి దేశమంతా పాకింది. కొన్ని పల్లెల్లో భూస్వామే పబ్బు లేకుండా చేశాడు, అయితే వాళ్ళకి తాగుడు మీద కోపం కన్నా కూలీలు ఒకచోట చేరతారన్న భయం ఎక్కువని నాకనిపిస్తుంది. ఈ శీర్షిక తాగమని చెప్పట్లేదండి. అడిగినదానికి చెప్తున్నా.

ప్ర: నేను తాగను, శాకాహారిని. సెప్టెంబర్లో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నా, అల్లుడు పబ్బుకి తీసుకెళ్తానంటున్నాడు. ఎలా మసలుకోవాలో చెప్పండి.
(మల్లేశ్వరం)

జ: హాయిగా వెళ్ళండి. బల్ల దగ్గర కూర్చుని వెయిటర్ వస్తాడని చూస్తే చీకటి పడుతుంది, మనమే కౌంటర్ దగ్గరికి వెళ్ళి చెప్పి డబ్బిచ్చి గ్లాసు తెచ్చుకోవాలి, భోజనమైతే టేబుల్ నంబరు చెప్తే తెచ్చిస్తారు. కౌంటర్ దగ్గర లైను కనపడదు కానీ ఉంటుంది, ఎవరు ముందొచ్చారో పోసేవాడికీ తెలుసు, నిలబడ్డవాళ్ళకీ తెలుసు, చెయ్యి ఊపడం, చిటికె వెయ్యడం వద్దు. నలుగురు కలిసి వెళ్తే ఒక్కొక్కరు ఒక్కో విడత అందరికీ కొంటారు, మీరు నారింజ రసం తాగినా మీ విడత మీరు కొనాలి, తప్పించుకుంటే అల్లుడి పరువు పోతుంది.

తిండి సంగతికొస్తే ప్లౌమన్స్ లంచ్ అని ఉంటుంది, రొట్టె, చీజు, ఉల్లిపాయ ఊరగాయ, నాగలి దున్నేవాడు వందల ఏళ్ళుగా తిన్న భోజనం అని చెప్తారు. రొట్టె, చీజు రైతు తిన్నాడు నిజమే, కానీ ఆ పేరు పెట్టి మెనూలోకి ఎక్కించింది 1950, 60ల్లో చీజు అమ్మకాలు పెంచాలని చూసిన పాల సంస్థల ప్రచారం. అయినా బాగుంటుంది, పచ్చడి మనకి నప్పుతుంది. పక్కన హ్యామ్ ముక్క పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది, వద్దని ముందే చెప్పండి. బంగాళాదుంప చిప్స్ కొన్నిచోట్ల, ముఖ్యంగా ఉత్తరాన, గొడ్డు కొవ్వులో వేయిస్తారు, ఏ నూనె అని అడిగి తీసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.